రంగు వేరు, అచ్చు వేరు

ఈనాడు బజారులో 'కలంకారీ' పేరుతో కనిపించే చీరలూ దుప్పట్లూ అన్నీ కలంకారీ కావు. చాలావాటిని రసాయనిక రంగులతో స్క్రీన్ మీద అచ్చువేసి అదే పేరుతో అమ్మేస్తున్నారు. ఇది చూసి మన మిత్రులు కొందరు స్క్రీన్ ప్రింటింగునే దుమ్మెత్తిపోస్తున్నారు. ఈ కోపం న్యాయమైనదే గాని, గురి తప్పింది.

అసలు పద్ధతి చూద్దాం. పెడన, మచిలీపట్నం ప్రాంతంలో ముందుగా గుడ్డను కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నలుపు అచ్చు వేస్తారు. ఎరుపు రావలసిన చోట వేసేది పటిక కలిపిన జిగురు. అప్పటికి ఎరుపు కంటికి కనిపించదు. పారే నీటిలో ఉతికి, మంజిష్ఠ వంటి వేళ్ళతో ఉడకబెట్టినప్పుడే పటిక పడ్డచోట ఎరుపు పట్టుకుంటుంది. అంటే, రంగు పుట్టేది అచ్చులో కాదు, కాగులో!

ఆ పటిక జిగురును చెక్క అచ్చుతో అద్దినా, చట్రానికి బిగించిన సన్నబట్ట గుండా దించినా రసాయన శాస్త్రం ఒక్కటే. కాబట్టి మొక్కల రంగులకు స్క్రీన్ శత్రువు కాదు. అబద్ధపు చీటీయే శత్రువు. చెక్క అచ్చుతో పదిసార్లు అద్దవలసిన పనిని స్క్రీన్ ఒక్క లాగుతో ముగిస్తుంది. అలాంటప్పుడు రెండింటికీ ఒకే పేరు పెడితే నష్టపోయేది ఎవరు? రోజంతా నిలబడి అచ్చు కొట్టే కార్మికుడే కదా! మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. కాని కొనేవాడు అడగనంత కాలం అది గోడకు వేలాడే పటమే.

కాగితం సంగతి వేరు. దాన్ని కాగులో ఉడకబెట్టలేం. చిక్కబరచిన రంగును నేరుగా దించాలి. పసుపు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. కరక్కాయ, ఇనుము కలిసిన నలుపు మాత్రం పాతకాలపు సిరాకు చుట్టమే, నిలుస్తుంది.

'ప్రకృతి రంగు' అనగానే అంతా నిరపాయమనీ అనుకోరాదు. రంగు పట్టడానికి క్రోమియం లవణాలు వాడితే ఆ కాలవ నీరు విషమే.

విద్యార్థి మిత్రులారా! వచ్చే ఏడు మన యూనియన్ బ్యానర్లనూ, బహుమతి పత్రాలనూ మనమే ఈ రంగులతో అచ్చువేసుకుందాం. కెమిస్ట్రీ, బోటనీ శాఖలు చేయి కలిపితే ఇదేమంత అసాధ్యం కాదు. దుకాణానికి వెళ్ళినప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు వేద్దాం: రంగు దేనిది? అచ్చు దేనితో? జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుందాం.