మందునకు లొంగని శత్రువు

శత్రువు మన యాయుధమును చూచి తప్పించుకొన నేర్చుచున్నప్పుడు, ఆయుధముల సంఖ్యను హెచ్చించినంత మాత్రమున విజయము చేకూరునా? రోగక్రిములతో మానవుడు సల్పు పోరాటమున నేడు తలయెత్తిన ప్రశ్న యిది. 2019లో మందులకు లొంగని బాక్టీరియా మూలముననే లోకమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల యంచనా. చాలీచాలని మోతాదులు క్రిములకు మందు నోర్చుకొనుట నేర్పునని, పెనిసిలినును కనుగొన్న ఫ్లెమింగు 1945లోనే నోబెలు సభయందు హెచ్చరించెను. లోకము పెడచెవిని బెట్టినది.

క్షయకు వాడు రిఫాంపిసినును చూడుడు. బీగములో తాళపుచెవివలె నది క్రిమిలోని యొక ప్రోటీనున నమరి దాని పనిని స్తంభింపజేయును. ఆ ప్రోటీనును నిర్మించు జన్యువున స్వల్పమైన మార్పు కలిగినను తాళపుచెవి పట్టదు. రోగి మందులను క్రమము తప్పి వాడెనా, మారిన క్రిములే మిగిలి వృద్ధి నొందును.

ఇచ్చటనే కంప్యూటరు గణన యక్కరకు వచ్చుచున్నది. లక్షలకొలది యణువులలో నేది ఫలించునో ప్రయోగశాలకు పోకమునుపే యది వడబోయగలదు. మధుమేహమునకై పరిశీలించి విడిచిన యొక యణువు పలు మొండిక్రిములను చంపునని 2020లో అమెరికా శాస్త్రజ్ఞు లిట్లే కనుగొని, దానికి హాలిసిన్ అని పేరిడిరి. అది యెలుకలయందు ఫలించినది. మన తిరుపతిలో స్విమ్స్ వైద్యసంస్థయందలి బయోఇన్ఫర్మాటిక్సు విభాగమువారును, మడినీటి మూలమున రైతులకు సోకు లెప్టోస్పైరా క్రిమిపై నిట్టి శోధన జరిపిరి. క్రిమికి ప్రాణాధారమై, మనుష్యునియందు లేని ప్రోటీనులను గురిగా నెన్నుకొనుట వారి మార్గము.

అయితే గణనకు గురువు క్రిమియొక్క మొండితనమే. ఏ తావున మారి యది తప్పించుకొనునో తెలిసినగాని, మారినచో తానే నశించు తావునకు గురిపెట్టజాలము. ఆ యెఱుక రోగులనుండి తీసిన క్రిములను పరీక్షించి వ్రాసియుంచిన లెక్కలనుండి రావలెను. కావున చిత్తూరు, తిరుపతి జిల్లాల ఆసుపత్రులయందలి ప్రయోగశాలలను బలపరచుటయు నౌషధపరిశోధనయే. క్రొత్త మందును పొదుపుగ వాడవలసియుండుటచే లాభము స్వల్పమని వర్తకసంస్థలు వెనుదీయుచున్నవి. ఈ భారమును ప్రజాధనమే వహింపవలెను.

మనకును బాధ్యత కలదు. పశువులకు, కోళ్లకు కొలిస్టిను వాడుకను ప్రభుత్వము 2019లో నిషేధించినది. తక్కిన మందులనైనను పశువైద్యుని మాట లేక మేతలో కలుపుట తగదు. చీటిలేక అంగడిలో మందు కొనుటయు, జ్వరము దిగినదని నడుమ మానుటయు నట్టివే. యంత్రము పదియేండ్లు శ్రమించి చేసియిచ్చిన తాళపుచెవిని మన యజాగ్రత్త పదినెలలలో వ్యర్థము చేయగలదు.