దసరాకి బండి నడుపుదాం, స్టార్ట్ మాత్రం ముందే చేద్దాం

తాతయ్య అంబాసిడర్ ఇంజన్ మళ్ళీ తయారైంది. బోరింగ్ అయింది, క్రాంక్ గ్రైండింగ్ అయింది, కొత్త రింగులు, కొత్త బేరింగ్ షెల్స్ పడ్డాయి. ఇంజన్ బండిలో కూర్చుంది. ఇక ఫ్యామిలీ గ్రూపులో అందరిదీ ఒకటే మాట: "ఆయుధపూజకి అందరం క్యాంపులో ఉంటాం కదా, పూజ చేసి, నిమ్మకాయలు పెట్టి, పెద్ద బాబాయి చేత తాళం తిప్పిద్దాం, వీడియో తీద్దాం."

మేం వద్దంటున్నాం. పూజ వద్దనడం లేదు, నిమ్మకాయలూ వద్దనడం లేదు. కొత్తగా కట్టిన ఇంజన్ మొట్టమొదటిసారి అందుకోవడం అనే పనిని నలభై మంది ముందు, హారతి పళ్ళెం పక్కన పెట్టొద్దంటున్నాం. మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పెద్దల ముందు చూపించే రోజునే ఒక వస్తువుని మొదటిసారి నడిపితే ఏమవుతుందో మాకు ప్రతి నెలా తెలుస్తూనే ఉంటుంది. అక్కడ తప్పయితే మరుసటి రోజు సరిచేస్తాం. ఇనుముకి ఆ సౌకర్యం లేదు.

పెద్దవాళ్ళు ఒకటి మర్చిపోయారు, లేదా మర్చిపోయినట్టు ఉంటున్నారు. ఎనిమిదేళ్ళ కింద ఇదే ఇంజన్ ఇలాగే కట్టించాం. ఇలాగే జనం. చాలాసేపు సెల్ఫ్ కొట్టారు, అందుకోలేదు. టైమింగ్ కదిపి మళ్ళీ కొట్టారు. చివరికి అందుకుంది, అందరం చప్పట్లు కొట్టాం. పూజ అయ్యేదాకా, ఫోటోలు అయ్యేదాకా ఐడిల్‌లో అలాగే ఉంచాం, "ఎంత సాఫీగా ఉందో చూడు" అని మురిసిపోతూ. మూడు నెలలకి టాపెట్ల చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే క్యామ్ షాఫ్ట్ మీద రెండు లోబులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఆ ఇనప పొడి నూనెతో తిరిగి కొత్త బేరింగుల్నీ గీసేసింది. అందరం మెకానిక్‌ని తిట్టాం. మన తప్పు మాత్రం ఎవరం ఒప్పుకోలేదు.

అసలు జరిగిందేంటో చెప్తాం. ఇది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. క్యామ్ షాఫ్ట్ కింద బ్లాక్‌లోనే ఉంటుంది, టాపెట్లు దాని మీద రాసుకుంటూ తిరుగుతాయి. ఆ రాసుకునే చోటికి ముఖ్యంగా క్రాంక్ తిరిగేటప్పుడు చిమ్మే నూనే దిక్కు. ఐడిల్‌లో క్రాంక్ మెల్లగా తిరుగుతుంది, నూనె సరిగా చిమ్మదు. పాత ఇంజన్‌కి అది చాలు, ఎందుకంటే లోబూ టాపెటూ ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. కొత్త వాటికి ఆ అలవాటు మొదటి ఇరవై నిమిషాల్లోనే అవ్వాలి. అందుకే అందుకున్న వెంటనే 2000 ఆర్‌పీఎమ్ దగ్గరికి తీసుకెళ్ళి, కాస్త పైకీ కిందకీ మారుస్తూ 20 నిమిషాలు ఉంచాలి. ఆ చప్పుడులో మంత్రాలు వినపడవు. ఐడిల్‌లో పెట్టి హారతి ఇస్తే క్యామ్‌కి అదే ఆఖరి హారతి.

ఇక అందుకోకముందు చేయాల్సింది. ఇంజన్ విప్పి కట్టాక లోపలి నూనె దారులన్నీ ఖాళీ, ఆయిల్ పంపు పొడిగా ఉంటుంది. నూనె పోసి తాళం తిప్పితే పంపు పీల్చుకునేదాకా బేరింగులు ఇనుము మీద ఇనుమే. దీనికి మనింట్లోనే మందుంది. పొలంలో వాడే చేతి స్ప్రేయర్ కొత్తది ఒకటి, పురుగుమందు ముట్టనిది, కొనండి. దాంట్లో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ కాస్త వెచ్చచేసి పోసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ పైపు తగిలే చోట గొట్టం బిగించి పంపు కొట్టాలి. ఒకరు పంపు కొడుతుంటే, ప్లగ్గులు తీసేసి, ఇంకొకరు ముందు నుంచి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలి. పైన రాకర్ల దగ్గర నూనె కారేదాకా ఆగకూడదు.

తర్వాత టైమింగ్. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి హ్యాండిల్ తిప్పితే గాలి వేలిని తోస్తుంది. అదీ కంప్రెషన్ స్ట్రోక్. గుర్తు మాత్రమే చూసుకుంటే ఎగ్జాస్ట్ స్ట్రోక్ మీద కూడా అదే గుర్తు వస్తుంది. పోయినసారి అంతసేపు సెల్ఫ్ కొట్టడానికి కారణం ఇదేనని మా నమ్మకం. పాయింట్ల దగ్గర చిన్న బల్బు కట్టి, స్పార్క్ పడే క్షణం చూసుకోవాలి. ప్లగ్ వైర్లు 1-3-4-2 వరసలో ఉండాలి. కార్బురేటర్ బౌల్‌లో పెట్రోల్ ముందే నింపాలి. రబ్బరు గొట్టాలు కొత్తవి వేయాలి, ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది. మంటలార్పే సిలిండర్ పక్కన ఉండాలి. ఇవన్నీ అయితే మొదటి రెండు మూడు చుట్లకే అందుకోవాలి. పది సెకన్లలో గేజ్ ముల్లు లేవకపోతే ఆపేయాలి, ఎవరు ఎంత బతిమాలినా.

"మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి, నూనె పోశాం, స్టార్ట్ చేశాం" అంటారు బాబాయి. నిజమే బాబాయ్. కానీ ఆ రోజుల్లో నూనెల్లో జింకు ఎక్కువ ఉండేది, క్యామ్‌ని అదే కాపాడేది. ఇప్పటి పెట్రోల్ కార్ల నూనెల్లో కెటాలిటిక్ కన్వర్టర్ పాడవకుండా దాన్ని తగ్గించారు. షాపువాడు ఇచ్చిన ఖరీదైన సింథటిక్ డబ్బా ఈ ఇంజన్‌కి మంచిది కాకపోవచ్చు. పైగా ఆ రోజుల్లో క్యామ్ పోతే ఇంకోటి దొరికేది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఈ క్యామ్ కోసం మనం ఎన్ని గుజిరీ కొట్లు తిరిగామో మీకూ తెలుసు. బ్లాక్ ఇప్పటికే 40 థౌ బోర్ అయింది. ఇంకోసారి అంటే స్లీవ్‌లు వేయాల్సిందే.

1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక ఊరు వదిలి ఇక్కడికొచ్చిన వాళ్ళం మనం. ఊళ్ళో ఇల్లు లేదు, పొలం లేదు. తాతయ్య చెయ్యి తగిలింది ఇంకా కదిలేది ఈ బండొకటే. మేం కన్నడ మీడియంలో చదివాం, తెలుగు అక్షరాలు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాం. తాతయ్య దగ్గర నేర్చుకుంది మాత్రం ఒకటే: డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడందే ఆయన ఏ రోజూ తాళం తిప్పలేదు. పెళ్ళికి ఆలస్యమైనా సరే. ఆయన పద్ధతి అది. ఆయన పేరు చెప్పి ఆయన చేయని తొందర మనం చేయొద్దు.

కాబట్టి మా మాట ఇది. దసరాకి రెండు వారాల ముందు ఒక ఆదివారం, మెకానిక్, పెద్ద బాబాయి, మేం ఇద్దరం, అంతే. తాళం పెద్ద బాబాయే తిప్పుతారు, ఆ గౌరవం ఆయనదే. ఇరవై నిమిషాలు నడిపి, చల్లారాక హెడ్ బోల్టులు, టాపెట్లు చూసి, నూనె దించి ఫిల్టర్ కోసి చూస్తాం. ఇనప పొడి లేకపోతే కొత్త నూనె పోస్తాం.

ఆయుధపూజ రోజు నిమ్మకాయల మీద నుంచి బండి గేటు దాటుతుంది. అప్పుడు తీయండి వీడియో.