పిప్పిలోని వెలుగు

పాల్వంచ త్రోవను పోయిన మన పాఠకులు థర్మల్ కేంద్రపు చల్లార్పు గోపురములపై తెల్లని ఆవిరి లేచుట చూచియే యుందురు. చూచువారికది వేడుక, లెక్క కట్టువారికది నష్టము. బొగ్గు మండించి పుట్టించిన వేడిలో విద్యుత్తుగా మారునది ఇంచుమించు మూడవ వంతు. తక్కిన దానిలో అధికభాగము వృథాగా ఆకాశమున కలిసిపోవును. ఇది ఆ కేంద్రమువారి దోషము కాదు. ఆ వేడిని వాడుకొను పరిశ్రమ చెంత లేనప్పుడు గత్యంతరము లేదు.

చక్కెర మిల్లు అట్టి పరిశ్రమయే. కల్లూరు మండలమందలి పేరువంచలో కాకతీయ సంస్థవారు చక్కెర కర్మాగారమునకు జతగా 16 మెగావాట్లకు పైబడిన విద్యుత్కేంద్రమును నిర్మించిరి. నూరు టన్నుల చెరకు ఆడిన సుమారు ముప్పది టన్నుల పిప్పి వచ్చును. దానితో బాయిలరు మండించి, బలమైన ఆవిరితో ముందు టర్బైనును త్రిప్పి, బలము తగ్గిన ఆ యావిరితోనే చెరకురసమును కాచుదురు. ఒకే కట్టె రెండు పొయ్యిల పని చేసినట్లు! ఇట్టి ఏర్పాటున ఆవిరి వేడిలో ముప్పాతిక వంతు వరకును ప్రయోజనపడ గలదు. ఇందులో బాయిలరు ఒత్తిడియే కీలకము. పూర్వపు మిల్లులలో చదరపు సెంటీమీటరుకు 21 కిలోల ఒత్తిడి వాడుక. అంతటి పిప్పియు మిల్లు అవసరములకే సరిపోయెడిది. 67 కిలోలకో, 87 కిలోలకో పెంచినచో అదే పిప్పి మిల్లును నడిపి, ఊళ్లకు పంపుటకును విద్యుత్తు మిగుల్చును.

ఈ విద్య మన సీమకు క్రొత్త కాదు. 1991లో పని ప్రారంభించిన మణుగూరు భారజల కర్మాగారమునకు ఆవిరియు విద్యుత్తును తన బొగ్గు బాయిలర్ల నుండియే సమకూరునట్లు కట్టిరి. భద్రాచలమున కెదుటి యొడ్డున సారపాకలో 1979లో వెలసిన కాగితపు మిల్లువంటి కర్మాగారములలో, కర్రను ఉడికించిన నల్లద్రవమును పారబోయక బాయిలరులో మండింతురు. అశ్వారావుపేటలో పామాయిలు ఆడగా మిగులు పీచు, చిప్పలును ఇంధనమే.

అయినను, కర్మాగారము తానే పుట్టించుకొన్న విద్యుత్తంతయు మేలైనదని మేము చెప్పజాలము. 2012లో ఉమ్మడి రాష్ట్రమున పరిశ్రమలకు విద్యుత్ సెలవులు విధించినప్పుడు డీజిలు యంత్రములే పెక్కుమందికి దిక్కయ్యెను. ఆపద్ధర్మముగా అది సరియే. కాని వేడిని గాలికి వదలు చిన్న యంత్రమును నిత్యము నడుపుట, పెద్ద కేంద్రపు నష్టమును ఇంకను ఎక్కువ వెలకు ఇంటికి తెచ్చుకొనుటయే. మన యింటి దీపమే యని ముద్దిడుకొన్నను మీసములు కాలక మానవు.

శాసనకర్తలు ఈ భేదమును గుర్తింపవలెను. 2003 విద్యుచ్చట్టము స్వంత విద్యుత్కేంద్రములకు త్రోవ తెరచినది. 2005 నిబంధనలు వాటాలో నూటికి 26, వాడకమున నూటికి 51 పాళ్లు వినియోగదారులవై యుండవలెనన్నవి. యజమాని ఎవరో అడిగిరి. ఆవిరి ఎన్ని పనులు చేసినదో అడుగలేదు. ఆవిరితో రెండు పనులు చేయించు సహోత్పాదనను ప్రోత్సహింపుడని అదే చట్టపు 86వ సెక్షను నియంత్రణమండళ్లను ఆదేశించినది. ఆ మాట ధరలో కానరావలదా? 2004లో మన నియంత్రణమండలి ఇట్టి విద్యుత్తు కొనుగోలు ధరలను సవరింపగా వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. ధర మరల నిర్ణయించు అధికారము మండలికి గలదని 2010లో తీర్పు వచ్చినది. అధికారము సరియే. ధర నిలుచునన్న నమ్మకము లేనిదే భారీ ఒత్తిడి బాయిలరుపై ధనము పెట్టు ధైర్యము ఎవరికుండును?

అన్నిటికంటె ముఖ్యమైన మాట మిగిలియున్నది. పిప్పి మిల్లులో పండదు. రైతు చేనిలో పండును. చెరకు ధర కట్టునప్పుడు చక్కెరతోపాటు పిప్పి, మొలాసిసు, మడ్డి విలువనుగూడ లెక్కించి అందులో నూటికి 70 పాళ్లు రైతునకు చెందవలెనని 2012లో రంగరాజన్ సంఘము సూచించినది. పిప్పి చెత్తగా ఉన్ననాడు దాని వెల అడుగకుండుట సహజము. అది విద్యుత్తై రూకలు తెచ్చునాడు గూడ రైతును మరచుట న్యాయమా? అది అవివేకము గూడను. వరియో, పామాయిలో మేలని రైతు చెరకును విడిచెనా, మిల్లు పొయ్యి చల్లారును; పిప్పి లేని టర్బైను ఇనుపముద్దయే.

కావున మేము కోరునవి మూడు. మిల్లులవారు బాయిలర్ల ఒత్తిడి పెంచి ఆవిరిని పొదుపు చేయవలెను. నియంత్రణమండలి వేడిని రెండుసార్లు వాడిన విద్యుత్తునకు నిలుకడగల ధర కట్టవలెను. ఆ రాబడిలో చెరకురైతు భాగము తూకపు చీటీపైననే కనబడవలెను. పిప్పిలోని వెలుగు పట్టణముల వీధులకు చేరుటకు ముందు, దానిని పండించినవాని ముంగిట వెలుగవలదా?