పైపులు పరిస్తే డ్రిప్ అయిపోదు

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి మాగాణులు లేచాయి. డ్యాంకు ఇంత దగ్గర ఉన్న మన పెద్దవూర చుట్టుపక్కల మాత్రం కాలువ కంటే ఎత్తున ఉన్న ఎర్ర చెలకలకు ఇప్పటికీ బోరే దిక్కు. ఆ చెలకల్లో టమాట పెట్టేవాళ్లకు డ్రిప్ తప్ప ఇంకో దారి లేదు. దాన్ని మేము కాదనడం లేదు, కావాలనే అడుగుతున్నాం. అయితే డ్రిప్ పేరుతో రైతుకు అందుతున్నది ఏమిటన్నదే మా ప్రశ్న.

కాగితం మీద సబ్సిడీ బాగానే ఉంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90 శాతం, మిగతావాళ్లకు 80 శాతం. లెక్కంతా ఎన్ని ఎకరాలు, ఎన్ని మీటర్ల పైపు అన్నదాని మీదే నడుస్తుంది. ఆ బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుంది, ఆ నీళ్లలో సున్నం ఎంత ఉంది అన్నది చాలాచోట్ల ఎవరూ అడగరు. ఆ రెండూ అడగకుండా పరిచిన డ్రిప్ రెండో పంటకే మూలన పడుతుంది.

లెక్క చూద్దాం. సాళ్ల మధ్య 4 అడుగులు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే ఎకరానికి సుమారు 8,300 డ్రిప్పర్లు పడతాయి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే గంటకు 33 వేల లీటర్లు కావాలి. మన వైపు ఎన్ని బోర్లు అంత పోస్తున్నాయి? 200 లీటర్ల డ్రమ్ము పెట్టి కొలవండి. 80 సెకన్లలో నిండితే మీ బోరు గంటకు 9 వేల లీటర్లు ఇస్తున్నట్టు. ఆ బోరుకు 4 లీటర్ల డ్రిప్పర్లతో ఎకరం మొత్తం ఒకేసారి తిప్పితే మొదటి సాళ్లలో బురద, చివరి సాళ్లలో దుమ్ము. అదే బోరుకు 2 లీటర్ల డ్రిప్పర్లు పెట్టి, ఎకరాన్ని రెండు భాగాలు చేసి, భాగానికో గేట్ వాల్వ్ బిగిస్తే సరిపోతుంది. ఇందులో పెద్ద ఇంజనీరింగేమీ లేదు. పైపు పరిచే ముందు ఒక గంట ఓపిక కావాలి, అంతే.

టమాటకు ఈ తేడా ఇంకా ఎక్కువ తగులుతుంది. ఇంటి ముందు బకెట్లోనో సిమెంటు సంచిలోనో టమాట మొక్క పెంచిన ఆడవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. బకెట్లో మట్టి కొద్దిగా ఉంటుంది కాబట్టి ఒకేసారి చెంబులకు చెంబులు పోస్తే అడుగునుంచి కారిపోతుంది, వేసిన ఎరువునూ తీసుకుపోతుంది. ఒక పూట మరిస్తే ఆకు వాలిపోతుంది. మన దుబ్బ చెలక కూడా అంతే, నీళ్లు పట్టి ఉంచదు. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు ఐదు గంటలు మోటరు వేస్తే కాయ పగులుతుంది. నీళ్లు ఒక తీరుగా అందకపోతే కాయకు కాల్షియం సరిగా చేరక అడుగు భాగం నల్లబడి కుళ్లుతుంది. దాన్ని తెగులనుకొని దుకాణానికి పోయి మందు కొనుక్కొచ్చి కొడుతున్నాం. ఏ మందూ దానికి పనిచేయదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, స్టార్టర్‌కు ఆటోమేటిక్ పెట్టి వదిలేసే అలవాటు కూడా పెరిగింది. పైన చెప్పిన 2 లీటర్ల డ్రిప్పర్ గంట నడిస్తే ఎకరమంతా 4 మిల్లీమీటర్ల వాన పడ్డట్టే. కాయ మీదున్న తోటకు మామూలు రోజుల్లో గంట, గంటంపావు చాలు. ఎండలు ముదిరినప్పుడు రెండు గంటలు ఇవ్వాల్సి వస్తే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఇవ్వడం మేలు.

ఇక సున్నం సంగతి. నల్లగొండ బోరు నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది, ఫ్లోరైడ్‌తో వంగిన నడుములు ఇంకా మన కళ్ల ముందే ఉన్నాయి. ఈ ఉప్పునీళ్లు డ్రిప్పర్ నోట్లో తెల్లగా గడ్డకట్టి బొట్టును ఆపేస్తాయి. యాసిడ్ పంపితే కరుగుతుంది. కానీ ఎంత పంపాలో నీళ్లు పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి గాని నీళ్లను యాసిడ్‌లో పోయకూడదని, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని కలిపితే విషవాయువు వస్తుందని రైతుకు చెప్పే మనిషి ఉండాలి. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువుతో ఒకే డ్రమ్ములో కలిపితే సున్నంలాగే గడ్డకడుతుందనీ చెప్పాలి. బిగించేటప్పుడు కంపెనీ మనిషి ఫొటో తీసుకొని వెళ్లిపోతే ఈ మాటలు ఎవరు చెప్తారు? పాడైన ఫిల్టర్ జాలీ కోసం రైతు ఊళ్లు పట్టుకొని తిరగాల్సి వస్తున్నది.

అందుకే మా డిమాండ్ పైపు మీటర్ల దగ్గర ఆగదు. బోరు నీళ్లు కొలిచి, పరీక్ష చేయించి, ఆ కాగితం దరఖాస్తుకు జతచేశాకే డ్రిప్ డిజైన్ గీయాలి. ఫిల్టర్ జాలీ, వాల్వులు మండల కేంద్రంలో దొరకాలి. పట్టాదారు పాసుపుస్తకం లేదన్న ఒక్క మాటతో కౌలు రైతును గేటు బయట నిలబెట్టడం ఆపాలి. ఎకరం, అరెకరం కౌలుకు తీసుకొని టమాట పెట్టి, ధర పడినప్పుడు కాయను పొలం గట్టున పారబోసేది అతనే కదా. భూమే లేని కూలీ కుటుంబాలకు పెరటి కూరగాయలకైనా మీటరు ఎత్తు గద్దె మీద 200 లీటర్ల డ్రమ్ము, సన్న పైపులతో చిన్న డ్రిప్ ఇవ్వొచ్చు. దానికి మోటరు అక్కర్లేదు, పాసుపుస్తకం అసలే అక్కర్లేదు.

సభ్యులకు ఒక పని. మీ పొలంలో మొదటి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు, చివరి సాలు చివరి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు పెట్టి సరిగ్గా 6 నిమిషాలు ఉంచండి. 2 లీటర్ల డ్రిప్పర్ అయితే రెండింట్లోనూ 200 మిల్లీలీటర్లు రావాలి. వచ్చింది ఎంతో, డ్రిప్ ఏ సంవత్సరం వేశారో, బోరు డ్రమ్మును ఎన్ని సెకన్లలో నింపిందో రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. ఉద్యానశాఖకు ఇచ్చే వినతిపత్రానికి ఆ లెక్కలన్నీ జతచేస్తాం.