ఎనిమిదో తరగతికే నీట్ బయాలజీ ఎందుకు?

డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లకి ఇంట్లో ఒక ఉద్యోగం మాత్రం ఖాయంగా ఉంటుంది. సలహాలివ్వడం. మీరు బీఎస్సీ లైఫ్ సైన్సెసో, బీఫార్మసీయో చదివారంటే ఇక చెప్పక్కర్లేదు. 'చెల్లి ఎనిమిదిలోకి వచ్చింది. నీట్ ఫౌండేషన్‌లో వేద్దామంటున్నారు నాన్న. నువ్వేమంటావ్?' అని అమ్మ అడుగుతుంది. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మీ ఇంట్లో బయాలజీ చదివింది మీరొక్కరే అయితే, మీ మాట మీదే చాలా డబ్బు, ఒక పిల్ల మూడేళ్ల సాయంత్రాలు ఆధారపడి ఉంటాయి.

నన్నడిగితే వద్దనే అంటాను. పసిపిల్లల మీద ఒత్తిడి అనే మాట అందరూ చెప్పేదే, అది నిజమే కూడా. కానీ నా అభ్యంతరం అది కాదు. ఫౌండేషన్ పేరుతో చాలాచోట్ల చెప్పేది ఇంటర్ బయాలజీ. ఆ బయాలజీకి కింద కెమిస్ట్రీ ఉండాలి. ఎనిమిదో తరగతి పిల్లకి ఆ కెమిస్ట్రీ ఇంకా రాలేదు.

క్రెబ్స్ వలయాన్నే తీసుకోండి. సిట్రిక్ ఆమ్లంలో ఆరు కార్బన్లు, తర్వాత అయిదు, తర్వాత నాలుగు. మధ్యలో ఎన్ఏడీహెచ్‌లు, ఒక ఎఫ్ఏడీహెచ్2. ఆక్సీకరణ, క్షయకరణం అంటే ఏమిటో, కార్బన్ బంధాలు ఎలా ఏర్పడతాయో వివరంగా చెప్పేది పదో తరగతిలో. అంతకుముందే ఈ వలయం నేర్పితే పిల్లకి అది ఒక పద్యం. పైగా అర్థం తెలియని పద్యం. బిట్ పేపర్లో మార్కులు వస్తాయి, ఇంట్లో సంతోషిస్తారు. ఇంటర్లో అదే పాఠం మళ్లీ వచ్చినప్పుడు 'ఇది నాకొచ్చు' అనుకుని వినదు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

అలాగని బయాలజీలో ముందుగా నేర్పదగినవి లేవని కాదు. మెండెల్ ఉన్నాడు. ఆయన లెక్కపెట్టిన 7,324 బఠానీ గింజల్లో గుండ్రనివి 5,474, ముడతలవి 1,850. భాగహారం వచ్చిన పిల్ల ఎవరైనా 2.96 అని చెప్పగలదు. ఇది ఇంచుమించు మూడే, ఎందుకు మూడు అని ఆలోచించడానికి కెమిస్ట్రీ అక్కర్లేదు. అలాగే బంగాళాదుంపలో గుంట చేసి చక్కెర నీళ్లు పోసి, దుంపను మామూలు నీళ్లలో పెడితే గుంటలో మట్టం పెరుగుతుంది. వంటింట్లో అయ్యే పని. రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాల్లో ఇలాంటి కృత్యాలు బోలెడు. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌లో అచ్చేస్తున్నారు కాబట్టి, ఇంగ్లిష్ పదాలు ముందే అలవాటు కావాలనే వాదనకూ అవి చాలు. తెలుగు మీడియం పిల్లల విషయంలో ఆ వాదనలో న్యాయం ఉంది, కాదనను.

'అమెరికాలో మన వాళ్ల పిల్లలు తొమ్మిదిలోనే ఏపీ బయాలజీ చదువుతున్నారట' అని బంధువులు అంటారు. ఈ ఏపీ మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. తొమ్మిదిలో తీసుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ ఆ కోర్సు నడిపే కాలేజ్ బోర్డే, ముందు హైస్కూల్ బయాలజీ, కెమిస్ట్రీ పూర్తిచేసి రమ్మంటుంది. బోధన సమయంలో 25 శాతం ప్రయోగాలకే పోవాలి. పరీక్షలో సగం సమయం, 90 నిమిషాలు, సొంతంగా రాసే ఆరు ప్రశ్నలకు. మన ఫౌండేషన్లో ప్రయోగానికి కేటాయించిన పీరియడ్ ఎంత?

పోటీ సంగతి కూడా చూద్దాం. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. 720 మార్కుల్లో 360 బయాలజీవే కాబట్టి భయం సహజం. అయితే సీటు రావాలంటే ఆ ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. ఎంత ముందు మొదలుపెట్టినా ముందు చేరేది లేదు. ర్యాంకులు మార్చేది చాలాసార్లు ఫిజిక్స్. దానికి కావలసిన లెక్కలు ఎనిమిది, తొమ్మిదుల్లోనే గట్టిపడాలి. 16 ఏళ్లలోపు వాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూలు టైమ్‌టేబుల్లో కలిపేస్తే దాన్ని కోచింగ్ అనరు, ఇంటిగ్రేటెడ్ అంటారు. అంతే తేడా.

పదమూడేళ్లకే 'నువ్వు బైపీసీ' అని ముద్ర వేస్తే పిల్ల లెక్కల్ని అప్పుడే వదిలేస్తుంది. బీఫార్మసీ చదివినవాళ్లకి మొదటి సెమిస్టర్లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ గుర్తుండే ఉంటుంది. బైపీసీ నుంచి బీటెక్ బయోటెక్నాలజీకి వెళ్లినవాళ్లని అడగండి, ఇంకా బాగా చెబుతారు. డాక్టర్ సీటు రాని లక్షల మందికి మిగిలే దారుల్లో చాలావాటికి లెక్కలు కావాలి. బయోఇన్ఫర్మాటిక్స్, క్లినికల్ డేటా, ల్యాబ్‌లో క్వాలిటీ కంట్రోల్, ఏదైనా సరే.

ఇప్పుడు మీ సంగతి. ఇంటర్వ్యూలో కూర్చున్నారు. 'సెలైన్‌లో ఉప్పు 0.9 శాతమే ఎందుకు? ఒట్టి నీళ్లెక్కిస్తే ఏమవుతుంది?' అని అడిగారు. ఆస్మాసిస్ నిర్వచనం అప్పజెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఎర్ర రక్తకణం ఉబ్బి పగిలిపోతుందని చెప్పి, ఆ బంగాళాదుంప దగ్గర మొదలుపెట్టి వివరించగలిగినవాళ్లు తక్కువ. 'పీసీఆర్‌లో 30 సైకిళ్లు తిప్పితే ఒక డీఎన్ఏ పోగు సుమారు ఎన్నవుతుంది?' అన్నా అంతే. ప్రతి సైకిల్‌కీ రెట్టింపవుతుందనుకుంటే వంద కోట్లు దాటుతుంది. ఇది కంఠస్థం చేసే విషయం కాదు, వేళ్ల మీద కట్టే లెక్క.

మీలో కొందరు వచ్చే జూన్‌లో ఇలాంటి ఫౌండేషన్ క్లాసుల్లోనే ఫ్యాకల్టీగా చేరతారు. తప్పేం లేదు, ఉద్యోగం కావాలి. మెటీరియల్ వాళ్లే ఇస్తారు, వారానికి ఇన్ని బిట్లు అని లెక్కా వాళ్లే చెబుతారు. అయినా వారంలో ఒక్క పీరియడ్‌కి రెండు బంగాళాదుంపలు, కాస్త చక్కెర తీసుకెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక ఇంట్లో వినకుండా చెల్లిని చేర్పించడానికే నిర్ణయించుకుంటే, డబ్బు కట్టేముందు మీరూ వెంట వెళ్లండి. ఎనిమిదో తరగతి వీక్లీ టెస్ట్ పేపర్ ఒకటి చూపించమనండి. అందులో 'ఎందుకు', 'ఎలా' అనే ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ల్యాబ్ ఎక్కడని అడగండి. తాళం తీయించి, లోపలికెళ్లి మైక్రోస్కోపు మీద దుమ్ము ఉందో లేదో చూసి అప్పుడు నాన్నకి చెప్పండి.