బాండూ బలమూ ఆపలేని చుక్క

లారీ కింద రాత్రి అట్టముక్క పరిచి, తెల్లారి దానిమీద నల్లమరక చూసి “సంపు కారుతోంది” అని తేల్చేయడం మన షెడ్లలో ఆనవాయితీ. ఆ వెంటనే రెండో మాట: “బాండు దట్టంగా పెట్టి బోల్టులు గట్టిగా లాగితే సరి.” ఓనరూ, డ్రైవరూ, మెకానిక్కూ గొడవపడకుండా ఒప్పుకునే సంగతి బహుశా ఇదొక్కటే. ముగ్గురిదీ తప్పే. ఎన్నిసార్లు విప్పి బిగించినా ఆగని లీకుల్లో నేను చూసినవి చాలామటుకు ఆ గట్టి బిగింపుతో పుట్టినవీ, ఆ దట్టమైన బాండు చాటున బతికినవీ.

చాలా లారీలకు సంపు అంటే నొక్కి మలిచిన రేకు తొట్టి. పైనున్నది పోత ఇనుప బ్లాకు. మధ్యలో ప్యాకింగ్. స్పానర్‌కి పైపు తొడిగి లాగితే బ్లాకుకేమీ కాదు, వంగేది రేకే. బోల్టు రంధ్రం చుట్టూ అంచు బ్లాకు వైపు ఉబుకుతుంది. రెండు బోల్టుల నడుమ మాత్రం సందు మిగులుతుంది. నూనె కారేది ఆ సందులోంచే. కారుతోంది కదా అని ఇంకో చుట్టు తిప్పుతాం, సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల సంపు బోల్టుకి చాలా ఇంజిన్లలో చెప్పే బిగింపు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దరిదాపు. జానెడు స్పానర్ చివర పది పన్నెండు కిలోల లాగుడన్నమాట. ఒక చేయి చాలు. పైపు తొడిగే పనే లేదు.

వంగిన అంచుని ఏ ప్యాకింగూ కాపాడదు. సంపు దించి, అంచు మీద నిటారు స్కేలు పెట్టి వెలుతురుకెదురుగా చూస్తే ఉబుకులు కనిపిస్తాయి. వాటిని దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి చదును చేయాలి. గంట పని. ఆ గంటకి మన దగ్గర ఓపిక ఉండదు, బాండు ట్యూబు ఉంటుంది.

ఆ బాండు సంగతీ చూద్దాం. సిలికాన్ బాండు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. నూనె జిడ్డున్న ఇనుముని సరిగా పట్టుకోదు. పూర్తిగా గట్టిపడడానికి దాదాపు ఒక రోజు కావాలి. మనం గుడ్డతో ఒక తుడుపు తుడిచి, పూసి, టీ తాగొచ్చి నూనె పోసేస్తాం. దట్టంగా పూసినదాంట్లో సగం లోపలికి పిండుకుపోతుంది. ఊడిన ముక్కలు ఆయిల్ పంపు జాలీలో చిక్కితే బేరింగులకు నూనె అందదు. బయట చుక్క ఆపబోయి లోపల క్రాంకు పోగొట్టుకోవడం అలాగే జరుగుతుంది. రబ్బరు ప్యాకింగ్ మీద పూస్తే మరీ అన్యాయం, బిగిస్తుండగానే జారి పక్కకి తప్పుకుంటుంది. బాండు పెట్టాల్సింది టైమింగ్ కవరూ, వెనక హౌసింగూ బ్లాకుతో కలిసే మూలల్లో. అక్కడ కూడా చుక్కంత.

ఇంతా చేసి, అసలు సంపు కారుతోందని ఎవరు చెప్పారు? ఇంజిన్‌లో అన్నిటికంటే కింద ఉండడమే దాని నేరం. రాకర్ కవరు ప్యాకింగ్ పోయినా, ఫిల్టర్ హెడ్ దగ్గర ఊరినా, టర్బో నుంచి నూనె దిగే గొట్టం వదులైనా అంతా బ్లాకు వెంట జారి సంపు అంచుకే చేరుతుంది. బండి పరుగులో గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. క్రాంకు వెనక సీలు కారినా చుక్క పడేది ఆ పక్కనే. ఉరుము ఉరిమి మంగలం మీద పడడం అంటే ఇదే. ఇంజిన్‌ని డీజిల్‌తో, సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, కాసేపు నడిపి చూడండి. తడి ఎక్కడ మొదలైందో పౌడరే చూపిస్తుంది.

“లారీ అన్నాక కారదా?” అనేవాళ్లున్నారు. పది సెకన్లకో చుక్క అంటే రోజుకి 8,640 చుక్కలు. మిల్లీలీటరుకి ఇరవై లెక్కన చూసుకున్నా అర లీటరుకి కాస్త తక్కువ. “బండి ఒక పూట ఆగితే కిరాయి పోదా?” అనేవాళ్లూ ఉన్నారు. పోతుంది. ఆ బాధ నాకు తెలుసు, అందుకే మోసపోయాను.

ఒకే వానాకాలంలో నా బండి సంపు మూడుసార్లు దించారు. మూడుసార్లూ కొత్త ప్యాకింగు, మూడుసార్లూ బాండు, మూడుసార్లూ కూలీ. నాలుగోసారి వేరే షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన స్పానరు ముట్టలేదు. “ముందు కడగనివ్వు బాబూ” అన్నాడు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అరచేయి అడ్డం పెట్టాడు. లోపలి గాలి చేతిని పైకి తోసింది. రింగులు అరిగాయేమోనని నా గుండె జారింది. ఆయన బ్రీదర్ గొట్టం వెంట చేత్తో తడుముకుంటూ వెళ్లాడు. ఎప్పుడో గేర్‌బాక్సు పని చేసినవాళ్లు దాన్ని బ్రాకెట్ కింద మడతపెట్టి వదిలేశారు. లోపలి గాలికి దారి లేక నూనెని ప్యాకింగుల్లోంచి బయటికి నెడుతోంది.

గొట్టం సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. దించని సంపుకి కూలీ ఎంతివ్వాలో నాకు తోచలేదు. చూసి చెప్పినందుకు ఇంత అని అడగడానికి ఆయనకీ నోరు రాలేదు.