సాలీడుతో సహవాసం

మాఘం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించి, వేపకొమ్మలు లేత ఎరుపు చిగుళ్ళు తొడిగే వేళకు జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో పురుగుల లోకం కూడా మేలుకొంటుంది. మామిడి పూతను తేనెమంచు పురుగు ఆశ్రయిస్తుంది. గోడ పగుళ్ళలో నుండి చీమలు బారులు తీరుతాయి. కందిరీగ తడిమట్టిని ముద్దలు ముద్దలుగా మోసుకొని వచ్చి కిటికీ మూలన గూడు కడుతుంది. చూరు కింద సాలీడు వల పన్నుతుంది. వసంతాన్ని వర్ణించిన మన ప్రబంధకవులు కోకిలకు, తుమ్మెదకు ఇచ్చిన గౌరవాన్ని ఈ జీవులకు ఇవ్వలేదు.

ధూర్జటి మహాకవి ఇందుకు మినహాయింపు. ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లో ఆయన సాలెపురుగును మహాభక్తుల సరసన నిలబెట్టాడు. క్షేత్రనామంలోని ‘శ్రీ’ సాలెపురుగు, ‘కాళం’ పాము, ‘హస్తి’ ఏనుగు. తన దారాలతో శివునికి గుడి కట్టిన ఆ చిన్న ప్రాణి, దీపజ్వాల దానిని దహిస్తుంటే ఆ జ్వాలనే మింగబోయింది. ఈ కథను భక్తితో వినే మనమే, ఉగాది దగ్గర పడగానే సాలెగూడును దరిద్రానికి గుర్తుగా భావిస్తాం!

పండుగకు ముందు ఇల్లు దులపడం మంచి ఆచారం. దానిని నేను తప్పుపట్టను. చీపురు గూటిని తీసివేస్తే సాలీడు పారిపోయి మరొక మూలను వెదుక్కొంటుంది. కాని ఇటీవల చీపురు చేయవలసిన పనిని డబ్బాలలో దొరికే విషద్రవాలకు అప్పగిస్తున్నాం. పసిపిల్లలు పాకే నేల మీద, వంటగదిలోని అరల వెనుక వాటిని చల్లి, ఇల్లు శుభ్రమైందని సంతోషిస్తున్నాం. ఈ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. ఏ పురుగు ఏమి చేస్తుందో తెలుసుకోకముందే దానిని చంపడానికి పూనుకోవడం ఇందులోని దోషం.

నిజానికి సాలీడు కీటకమే కాదు. కీటకాలకు ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. తేలు, తొలకరి వానకు నేల మీద ఎర్రని పట్టుముక్కలా కనిపించే ఆరుద్ర పురుగు దాని బంధువర్గంలోనివి. సాలీడు మన గింజలు తినదు, బట్టలు కొరకదు. దాని ఆహారం దోమలు, ఈగలు, రెక్కల పురుగులు. ఒక మూలన అది స్థిరపడిందంటే అక్కడ దానికి తిండి దొరుకుతున్నదని అర్థం. చర్మం మీద బొబ్బలు లేస్తే సాలీడు పాకిందంటారు. చాలా సందర్భాలలో ఆ పని చేసేది రాత్రివేళ దీపాల చుట్టూ మూగే, నలుపు, నారింజ రంగుల సన్నని పురుగు. అది ఒంటి మీద నలిగినప్పుడు దాని రసం తగిలి చర్మం కాలినట్లవుతుంది. అపరాధి ఒకరు, అపకీర్తి మరొకరికి!

అన్ని పురుగులను ఆదరించమని నేను చెప్పడం లేదు. దోమ విషయంలో దయ పనికిరాదు. మలేరియాను దోమ మోసుకొని వస్తుందనడానికి ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. కాని దోమను జయించే మార్గం కూడా దాని జీవితాన్ని తెలుసుకోవడంలోనే ఉన్నది. అది నిలువ నీటిలో గుడ్లు పెడుతుంది. పాత టైరులో, కూలరు తొట్టిలో నిలిచిన నీటిని వారానికొకసారి పారబోయడం ఏ మందు డబ్బా కంటే తక్కువ పని కాదు.

ఇంటిలో చేసే ఈ తొందరపాటు పొలానికి చేరితే దాని మూల్యం చాలా ఎక్కువ. అది మన ప్రాంతం కళ్ళారా చూసినదే. 2021-22 పంటకాలంలో ఆంధ్ర, తెలంగాణ మిరప చేలను నల్ల తామర పురుగు ముంచెత్తింది. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. పూవులో దాగి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. కల్లాలు ఎర్రబడవలసిన రోజులలో ఎందరో రైతులు చేతులారా తోటలను పీకివేశారు. అంతకుముందు వారు చల్లని మందు లేదు. ఒకదానితో మరొకటి కలిపి, మూడు నాలుగు రోజులకొకసారి చల్లినవారున్నారు. పూవులో దాగిన పురుగుకు మందు సరిగా తగలదు. తగిలినా చావక మిగిలిన వాటి సంతానం ఆ మందుకు లొంగదు. ఇంతలో ఆకుల మీద తిరుగుతూ పురుగులను తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు ముందుగా నశిస్తాయి. కావలివారిని చంపి దొంగకు తలుపు తీసినట్లవుతుంది. శాస్త్రవేత్తలు నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె వాడమని, అదేపనిగా మందులు కొట్టవద్దని ఆనాడే హెచ్చరించారు.

అప్పు తెచ్చి పైరు పెట్టిన రైతుకు ఓపిక పట్టమని చెప్పడం పాఠం చెప్పేవారికి సులభమే అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉన్నది. అయితే మన పొరుగున, అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామస్థులు పాఠాలు చెప్పేవారు కారు. వారు పత్తి, మిరప పండించి మందుల అప్పులో మునిగిన రైతులే. వారు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎరపంటగా ఆముదం వంటి పద్ధతులను చేపట్టి, 2003లో తమ ఊరు పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకొన్నారు. అమెరికాలో రేచల్ కార్సన్ 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే గ్రంథం రాసి, విషాల వల్ల పక్షికూత వినిపించని వసంతం వస్తుందని హెచ్చరించింది. పదేళ్ళకు, 1972లో, ఆ దేశం డి.డి.టి.ని నిషేధించింది. పునుకుల రైతులను ఆ గ్రంథం కదిలించలేదు. అప్పుల లెక్క కదిలించింది.

ఇలా వదిలివేస్తే సాలీళ్ళతో ఇల్లు నిండిపోదా అని విద్యార్థులు అడుగుతుంటారు. సమాధానం కిటికీ మూలనే ఉన్నది. మన వేదాంతులు భ్రమరకీటక న్యాయమని ఒకటి చెబుతారు: తుమ్మెద మట్టిగూటిలో ఉంచిన పురుగు, దానినే ధ్యానిస్తూ చివరకు తుమ్మెదగా మారుతుందని. ఉపమానం రమణీయమే. కాని ఆ గూటిలో జరిగేది వేరు. కందిరీగ పురుగును కుట్టి, కదలకుండా చేసి, గూటిలో పెట్టి, అక్కడ తన గుడ్డును ఉంచి మూత వేస్తుంది. గుడ్డులో నుండి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలతో బయటకు వస్తుంది. కొన్ని జాతుల కందిరీగలు గూటిలో గొంగళిపురుగులను పెడతాయి. మరికొన్ని సాలీళ్ళనే ఏరి తెస్తాయి. అటువంటి మట్టిగూటిని విప్పి చూస్తే ఒక్కొక్క గదిలో కదలలేని సాలీళ్ళు అనేకం కనిపిస్తాయి.